అడిగి కొనడం నుంచి చదివి కొనడం వరకు

మీరు కిలో కందిపప్పు కొనాలనుకున్నారు. మీ ముందు రెండు దారులున్నాయి. వీధి చివర ఉన్న కిరాణా కొట్టుకు వెళ్ళి "కిలో కందిపప్పు ఇవ్వండి" అని అడగవచ్చు. లేదా ఊళ్ళో తెరిచిన పెద్ద దుకాణంలోకి వెళ్ళి, బుట్ట పట్టుకొని అరల మధ్య నడిచి, ఒక ప్యాకెట్ తీసుకొని, డబ్బు కట్టే చోట వరుసలో నిలబడవచ్చు. మొదటి చోట నోరు తెరవక తప్పదు. రెండవ చోట ఒక్క మాటైనా మాట్లాడకుండా బయటికి రావచ్చు. కాని అక్కడ తప్పించుకోలేని పని ఒకటుంది. అది చదవడం.

దుకాణాలు ఎలా మారాయని ఎవరినైనా అడగండి. అద్దాల తలుపుల గురించి, చల్లని గాలి గురించి, కదిలే మెట్ల గురించి చెబుతారు. అవన్నీ పైపై మార్పులని నా అభిప్రాయం. సరుకు గురించి తెలుసుకోవలసిన భారం అమ్మేవాడి మీద నుంచి కొనేవాడి మీదికి వచ్చింది. అసలు మార్పు అది. చదువు మధ్యలో ఆగిపోయి మళ్ళీ పుస్తకం పట్టిన మీకు దీని బరువెంతో ఇంకొకరు చెప్పనక్కరలేదు.

పాత పచారీ కొట్టును ఒకసారి గుర్తు తెచ్చుకుందాం. పల్లెల్లో ఇప్పటికీ అలాంటివి ఉన్నాయి. ముందు ఒక బల్ల. బల్లకు అవతల గోనె సంచులు, డబ్బాలు, తక్కెడ, గల్లాపెట్టె, వాటి మధ్య షావుకారు. ఇవతల మీరు. సరుకు ఏ రకందో ఆయన చెబుతాడు, ధర ఆయనే చెబుతాడు, తూచేదీ ఆయనే. పాత వార్తాపత్రికతో పొట్లం కట్టి, పైనుంచి వేలాడే పురికొస లాగి చుట్టి ఇస్తాడు. "ఈ పప్పు ఉడుకుతుందా?" అని మీరడిగితే, "ఇది వద్దులెండి, రేపు కొత్త బస్తా వస్తుంది, అప్పుడు తీసుకోండి" అని ఆయన చెప్పడం కూడా కద్దు. చివరికి మీరు చెయ్యి చాపి నిలబడితే ఇంకో నాలుగు గింజలు వేస్తాడు. దానికి మన భాషలో చక్కని పేరుంది: కొసరు. అసలు ఎంతో కొసరూ అంతే ముఖ్యమని మన అమ్మమ్మలు వాదించేవారు. ఇప్పటి దుకాణాల్లో "ఒకటి కొంటే ఒకటి ఉచితం" అని రాసి ఉంటుంది. అది కొసరు అనుకుంటే పొరపాటే. కొసరు మనిషిని చూసి వేసేది, ఇది లెక్క చూసి పెట్టేది.

ఇంకొకటి ఖాతా. చేతిలో డబ్బు లేని రోజున కూడా పొయ్యి వెలిగించిన ఘనత ఆ ఖాతా పుస్తకానిది. "నేడు నగదు, రేపు అరువు" అని గోడ మీద బోర్డు పెట్టిన షావుకారే, వాడుకగా వచ్చే ఇంటికి నెల ఆఖరు దాకా అరువిచ్చేవాడు. పెద్ద దుకాణంలో అలాంటి మాట అడగడానికి అసలు మనిషే ఉండడు.

ఇలా రాస్తుంటే పాత కాలమే మేలనిపిస్తుంది. అక్కడే ఆగి ఆలోచించండి. ఆ కొట్టు ఎవరి పట్ల మంచిగా ఉండేది?

తెలిసినవారి పట్ల, పలుకుబడి ఉన్నవారి పట్ల మంచిగా ఉండేది. అందరికీ అదే బల్ల, అదే మాట లభించలేదు. అంటరానివారని ముద్ర వేసిన కులాలవారు చాలా ఊళ్ళలో కొట్టు మెట్టు ఎక్కకుండా దూరంగా నిలబడవలసి వచ్చేది. డబ్బు కింద పెట్టాలి, సరుకును చేతికి తగలకుండా పైనుంచి వేస్తారు. హోటళ్ళలో వారికి వేరే గ్లాసు. దుకాణంలోకి ప్రవేశం అన్న చిన్న విషయాన్ని మన రాజ్యాంగం ప్రత్యేకంగా పేర్కొనవలసి వచ్చిందంటే పరిస్థితి ఎలా ఉండేదో ఊహించండి. 15వ అధికరణం దుకాణాలు, హోటళ్ళలోకి రానివ్వకుండా మతం, కులం, లింగం, పుట్టిన చోటు వంటి కారణాలతో ఎవరినీ అడ్డుకోరాదని చెబుతుంది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955లో వచ్చిన చట్టం అంటరానితనం కారణంగా దుకాణంలోకి రానివ్వకపోవడాన్నీ, అందరికీ అమ్మే షరతులతో సరుకు అమ్మకపోవడాన్నీ నేరంగా నిర్ణయించింది. ఆ చట్టానికే 1976లో పౌర హక్కుల రక్షణ చట్టమని పేరు మార్చారు.

అందుచేత, ఎవరి అనుమతీ అడగకుండా అరలో ఉన్న సరుకును తన చేత్తో తాకి, తిప్పి చూసి, వద్దనుకొంటే తిరిగి పెట్టగలగడాన్ని నేను చిన్న విషయంగా తీసుకోలేను. ఆ దుకాణానికి మీరెవరో తెలియదు. తెలియకపోవడంలో నష్టం ఉంది, గౌరవం కూడా ఉంది.

ఖాతా సంగతీ అంతే. పుస్తకం షావుకారు చేతిలో, రాత షావుకారుది. చదవలేని మనిషి ఆ పుస్తకంలో ఏం రాశారో చూసి కూడా తెలుసుకోలేడు. అరువు ఉన్నంతకాలం వేరే కొట్టుకు వెళ్ళలేడు, పప్పులో పురుగుందని గట్టిగా అడగలేడు. ఇక తూకం. తక్కెడ పళ్ళెం అడుగున చింతపండు ముద్ద అంటించిన కథలు మీరూ వినే ఉంటారు. తూకపు రాళ్ళ మాట అటుంచి, కొలతలే ఊరికొక తీరుగా ఉండేవి. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక అని పిల్లలు వల్లె వేసేవారు. కాని ఈ ఊరి మానిక, పక్క ఊరి మానిక ఒకటేనా అంటే చెప్పలేం. తూకానికి ఒకచోట వీశె, ఇంకొకచోట సేరు. 1956లో తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం వచ్చింది. 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి 16 అణాల బదులు 100 నయాపైసలు వచ్చాయి. 1958 అక్టోబరు నుంచి కిలోగ్రాముల వాడకం మొదలై, కొన్నేళ్ళలో దేశమంతటికీ పాకింది. శ్రీకాకుళంలో కిలో, అమృత్‌సర్‌లో కిలో ఒకటే కావడం కొనేవాడికి దక్కిన మొదటి పెద్ద మేలు అని నేనంటాను. దాని గురించి ఎవరూ పండగ చేసుకోరు, అది వేరే విషయం.

షావుకారు లేని దుకాణం కావాలన్న ఆలోచన కొత్తది కాదు. కొనేవారే కలిసి తమ దుకాణం తాము నడుపుకోవాలని మద్రాసులోని తిరువల్లిక్కేణిలో 1904లోనే ఒక వినియోగదారుల సహకార సంఘం ఏర్పడింది. 1966లో రూపాయి విలువ తగ్గించినప్పుడు ధరలు పెరుగుతాయన్న భయంతో, ఢిల్లీ కన్నాట్ ప్లేస్‌లో ప్రభుత్వ చొరవతో సూపర్ బజార్ తెరిచారు. సరసమైన ధర, సరైన తూకం అక్కడి ఆకర్షణ. తరువాతి కాలంలో అది నష్టాల్లో కూరుకుపోయింది.

మరి కొనేవాడే లోపలికి వెళ్ళి సరుకు తీసుకొనే పద్ధతి ఎక్కడిది? 1916లో అమెరికాలోని మెంఫిస్ నగరంలో క్లారెన్స్ సాండర్స్ అనే వ్యాపారి ఇలాంటి దుకాణం మొదటగా తెరిచాడని చెబుతారు. అంతవరకు అక్కడా బల్లకు అవతల గుమాస్తా సరుకులు తీసి ఇచ్చేవాడు. సాండర్స్ గుమాస్తాల సంఖ్య తగ్గించి, ఆ పనిని కొనేవారికి అప్పగించాడు. జీతం ఖర్చు తగ్గింది, ధర తగ్గింది. మనం "స్వయంసేవ" అని గొప్పగా పిలిచే పద్ధతిలో కిటుకు ఇదే: గుమాస్తా చేసే పని మనం జీతం లేకుండా చేస్తున్నాం. మన దేశంలో ఇలాంటి దుకాణాలు 1990ల తరువాత వేగంగా పెరిగాయి. 2001లో బిగ్ బజార్ వచ్చాక మధ్యతరగతివారికి అది ఆదివారపు విహారమైంది. ఆ పేరుతో ఉన్న దుకాణాలు 2022లో మూతపడ్డాయి. దుకాణం పోయినా అలవాటు మిగిలింది.

గుమాస్తా చేసే పనుల్లో సరుకు తీసివ్వడం ఒకటే మనకు రాలేదు, చెప్పడం కూడా మనకే వచ్చింది. అంటే మనకు మనమే చెప్పుకోవాలి. ప్యాకెట్ మీది అక్షరాలే ఇప్పుడు షావుకారు.

ఇక్కడ ఒక పని చేయండి. మీ ఇంట్లో ఉన్న టీపొడి ప్యాకెట్ గాని, సబ్బు గాని తెచ్చుకొని పక్కన పెట్టుకొని ఈ భాగం చదవండి. దాని మీద తయారుచేసిన లేదా ప్యాక్ చేసిన సంస్థ పేరు, చిరునామా, సరుకు పేరు, నికర బరువు, తయారైన నెల, సంవత్సరం, గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదు చేయడానికి ఫోను నంబరు ఉండాలి. ప్యాకెట్ల మీద ఇలాంటి వివరాలు ఉండాలని 1977లో నియమాలు చేశారు. పన్నులన్నీ కలిపిన ధర తప్పక ముద్రించాలన్న నియమం 1990లో వచ్చింది. అంతకుముందు "స్థానిక పన్నులు అదనం" అని వేసేవారు. ఆ అదనం ఎంతో దుకాణదారు నోటిమాటే లెక్క. ఇప్పుడున్న నియమాలు 2011 నుంచి అమలులో ఉన్నాయి.

"గరిష్ఠ" అన్న మాటను జాగ్రత్తగా గమనించండి. గరిష్ఠం అంటే అంతకు మించకూడనిది. అది పైకప్పు. అంతకంటే తక్కువకు అమ్మడానికి ఏ అడ్డూ లేదు, అడగడానికి మీకూ అడ్డు లేదు. అంతకంటే ఒక్క రూపాయి ఎక్కువ తీసుకున్నా నియమం ఉల్లంఘించినట్లే. బస్టాండులో నీళ్ళ సీసా మీద "చల్లబరిచిన ఖర్చు" అని రెండు రూపాయలు అదనంగా అడిగితే మీరు చూపవలసింది ఈ మాటనే.

అలాగే బరువు. ఒకప్పుడు టీపొడి, బిస్కెట్లు, నూనె వంటి కొన్ని సరుకులను నిర్ణయించిన బరువుల్లోనే ప్యాక్ చేయాలన్న నియమం ఉండేది. 2021లో ప్రకటించిన సవరణతో దాన్ని తీసివేశారు. 100 గ్రాముల ప్యాకెట్ అదే రంగు, అదే ధరతో 90 గ్రాములైతే చూడగానే పోల్చుకోలేం. దీనికి విరుగుడుగా అదే సవరణ గ్రాముకు లేదా కిలోకు ఎంత పడుతుందో కూడా ముద్రించాలన్నది. ఉదాహరణకు 400 గ్రాముల ప్యాకెట్ 60 రూపాయలనుకోండి. గ్రాముకు 0.15 రూపాయలు. పక్కనే ఉన్న 90 గ్రాముల ప్యాకెట్ 18 రూపాయలు. గ్రాముకు 0.20 రూపాయలు. చిన్నది చవకని తీసుకున్నవారు గ్రాముకు అయిదు పైసలు ఎక్కువ చెల్లించారు. గణితంలో దశాంశాలు వచ్చినప్పుడు "ఇవి మాకెందుకండీ" అని అడిగే అభ్యాసకులకు నేను ఈ ప్యాకెట్లే చూపిస్తాను.

ఇక సేవ గురించి. దుకాణంలో సేవ అంటే ఏమిటి? తలుపు దగ్గర నమస్కారం పెట్టడమా, "ఇంకేం కావాలి సర్" అనడమా? చాలా దుకాణాల్లో కొనుగోలుదారును దేవుడితో సమానంగా పొగిడే మాటలు గాంధీగారి పేరుతో పటం కట్టి వేలాడదీస్తారు. ఆ మాటలు ఆయన అన్నట్లు ఆధారాలు దొరకలేదు. ఆ పటం కిందనే ఇంకో బోర్డు ఉంటుంది: "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు." నా మటుకు నాకు సేవను కొలిచే గీటురాయి ఈ రెండో బోర్డే. అంతా బాగున్నప్పుడు చిరునవ్వు ఎవరైనా నవ్వుతారు. ఇంటికి తీసుకువెళ్ళిన మిక్సీ తిరగకపోతే, రెండోరోజు అదే మనిషి ఎలా మాట్లాడతాడన్నది చూడాలి.

1986 డిసెంబరు 24న వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం ఈ విషయంలో మనకు అండగా నిలిచింది. దాని స్థానంలో 2019లో చేసిన కొత్త చట్టం 2020 జులై నుంచి అమలులోకి వచ్చింది. బిల్లు ఇవ్వకపోవడం దీని ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోకపోవడం కూడా అంతే. అంటే గోడ మీద బోర్డు ఎంత పెద్ద అక్షరాలతో రాసినా, లోపమున్న సరుకు విషయంలో అది చెల్లదు. సంచికి డబ్బు తీసుకోవడం మీద కూడా కొందరు పట్టుబట్టి పోరాడారు. ముందుగా తెలియజేయకుండా బిల్లు కట్టే చోట సంచికి డబ్బు వేయడం అనుచితమని 2020 డిసెంబరులో జాతీయ కమిషన్ తీర్పునిచ్చింది. సంచి ధర కొద్ది రూపాయలే. కాని సరుకంతా బల్ల మీద పేర్చాక, వెనక పదిమంది నిలబడి ఉండగా "సంచి కావాలా?" అని అడిగితే కాదనగలిగేవారెందరు?

సేవ చేసేవారి మాట కూడా చెప్పుకోవాలి. బట్టల దుకాణంలో మీరు యాభై చీరలు విప్పించి చూస్తున్నంతసేపూ, ఆ అమ్మాయి నిలబడే ఉంటుంది. ఉదయం నుంచి రాత్రి వరకు కూర్చోవడానికి వీలులేని ఉద్యోగాలు ఎన్నో. కేరళలో ఇలాంటి స్త్రీలు సంఘం పెట్టుకొని పోరాడిన తరువాత, 2018లో అక్కడి ప్రభుత్వం దుకాణాల చట్టాన్ని సవరించి, పనివేళల్లో కూర్చోవడానికి ఆసనం ఇవ్వాలని నిర్దేశించింది. 2021లో తమిళనాడు అదే దారి పట్టింది. కూర్చునే హక్కుకు చట్టం చేయవలసి రావడం చదివితే ఒకింత సిగ్గేస్తుంది. ఈసారి దుకాణానికి వెళ్ళినప్పుడు అమ్మేవారికి ఒక స్టూలైనా ఉందేమో చూడండి. మీలో కొందరు అలాంటి దుకాణాల్లోనే పనిచేస్తూ రాత్రివేళ ఈ పాఠాలు చదువుతున్నారని కూడా నాకు తెలుసు.

వీధి కొట్టు ఓడిపోయిందని తొందరపడి అనకండి. 2016లో యుపిఐ వచ్చాక షావుకారు గల్లాపెట్టె పక్కన గళ్ళగళ్ళ అట్ట ఒకటి వచ్చి చేరింది. ఫోనులో జాబితా పంపితే సరుకు ఇంటికి వస్తోంది. అరువు ఇంకా నడుస్తోంది. ఓడిపోతున్నది మాట. ఫోనులో సరుకు తెప్పించుకుంటే అమ్మినవారు ఎవరో కనబడరు. తప్పు జరిగి ఫోను చేస్తే "ఒకటి నొక్కండి, రెండు నొక్కండి" అనే గొంతు వినబడుతుంది. దానితో పోట్లాడలేం, దాన్ని బతిమాలలేం.

ఇప్పుడు నా అసలు ఫిర్యాదుకు వస్తాను. ప్యాకెట్ మీది వివరాలు ఏ భాషలో ఉండాలి? నియమం ఇలా చెబుతుంది: దేవనాగరి లిపిలో హిందీ, లేదా ఇంగ్లీషు. ఇతర భాషలు అదనంగా వేయదలిస్తే వేసుకోవచ్చు. వేయాలని మాత్రం లేదు. ఈ పాఠం రాయడం కోసం మా వంటింట్లోని ప్యాకెట్లు బల్ల మీద పెట్టుకొని చూశాను. రెండింటి మీద సరుకు పేరు పెద్ద తెలుగు అక్షరాల్లో ఉంది. ధర, తేదీ, బరువు, వాడే విధానం మాత్రం చిన్న ఇంగ్లీషు అక్షరాలు, అవీ అతుకు దగ్గర మడతలో. అమ్మడానికి తెలుగు పనికివచ్చింది. చెప్పడానికి పనికిరాలేదు.

దీనికి కంపెనీలు చెప్పే జవాబు నాకు తెలుసు. ఒకే ప్యాకెట్ దేశమంతా అమ్ముతాం, రాజ్యాంగంలోని 22 భాషలూ దాని మీద ఎలా పడతాయి అంటారు. న్యాయమైన ప్రశ్నే. కాని అన్ని మాటలూ అన్ని భాషల్లో వేయమని ఎవరూ అడగడం లేదు. గడువు తేదీ, ధర, ముఖ్యమైన హెచ్చరిక, ఈ మూడు చాలు. ఎక్కడి గోదాముకు వెళ్ళే పెట్టె మీద అక్కడి భాషలో చీటీ అంటించవచ్చు. భాష అవసరం లేని గుర్తులూ ఉన్నాయి. చదరంలో ఆకుపచ్చ చుక్క ఉంటే శాకాహారమని బడి ముఖం చూడనివారు కూడా గుర్తుపడుతున్నారు. తినే తిండి గురించి అంత సులువైన గుర్తు పెట్టగలిగిన ప్రభుత్వం, అది పాడయ్యే తేదీ గురించి ఎందుకు పెట్టలేదు? 1999 జనవరి 26న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన రైతుబజార్లను చూడండి. ఆ రోజు ధరలు బోర్డు మీద తెలుగులో రాసి పెడతారు. వంకాయ కిలో ఎంతో తెలుసుకోవడానికి ఎవరూ ఇంగ్లీషు నేర్చుకోనక్కరలేదు.

కొనేవాడే చదువుకొని కొనాలన్న పద్ధతి పెట్టినవారు, కొనేవాడికి వచ్చిన భాషలో రాయాలి. రాయలేమంటే బల్ల అవతల చెప్పే మనిషిని మళ్ళీ పెట్టాలి. రెండూ చేయకుండా "ప్యాకెట్ మీద అంతా ఉందిగా" అనడం నాకు అన్యాయంగానే తోస్తుంది.

ఈ నియమం మారేదాకా ఇంగ్లీషులో కొన్ని మాటలైనా కళ్ళతో గుర్తుపట్టడం అవసరం. బరువు, ధర, తయారీ, గడువు అన్నవాటికి వాడే నాలుగు గుర్తులను ఇంట్లోని ప్యాకెట్ల మీద వెతికి నోటుపుస్తకంలో రాసుకోండి. మోసం జరిగిందనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. అక్కడ తెలుగులో మాట్లాడవచ్చు. అక్కడ తెగకపోతే మీరుండే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ళలోపు ఫిర్యాదు చేయవచ్చు. 5 లక్షల రూపాయల వరకు రుసుము లేదు. వకీలును పెట్టుకోవాలన్న నిర్బంధం కూడా లేదు. ముందుగా అడిగేది మాత్రం బిల్లే. ఇప్పటి బిల్లుల మీది అక్షరాలు కొన్నాళ్ళకు వెలిసిపోతాయి కాబట్టి, ఖరీదైన వస్తువు కొన్న రోజునే బిల్లుకు ఒక జిరాక్స్ తీయించి పెట్టుకోండి.